మా స్నేహితుల బ్యాండు గురించి పత్రికలో రెండు పేజీలు: ఐదుగురినీ సమానంగా వేయాలా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. కాలేజీ వార్షిక పత్రికలో ఎదురెదురు రెండు పేజీలు మీ చేతికి వచ్చాయి. తిరుపతిలోనే చదువుకుంటున్న మీ స్నేహితులు ఐదుగురు కలిసి ఒక బ్యాండు పెట్టుకున్నారు. ఒకమ్మాయి పాడుతుంది. మిగిలిన నలుగురివి గిటారు, కీబోర్డు, వయొలిన్, డోలు. అన్నమయ్య కీర్తనలు, జానపదాలు తమ పద్ధతిలో పాడుతున్నారు. మీ దగ్గర 1,800 పదాల వ్యాసం, వాట్సాప్‌లో వచ్చిన నలభై ఫోటోలు ఉన్నాయి. ఐదుగురినీ సమానంగా చూపించాలా, ఏ ఫాంటు వాడాలి, బ్యాండు పేరునే హెడ్డింగుగా పెట్టవచ్చా అన్నవి మీ సందేహాలు.

ముందు సమాధానం చెప్పేస్తాను. ఐదుగురినీ సమానంగా వేయకండి. ఒకే ఒక్క ఫోటోను ఎంచుకుని రెండు పేజీల స్థలంలో సగానికి మించి దానికే ఇవ్వండి. వ్యాసాన్ని 500 పదాలకు కత్తిరించండి. బ్యాండు పేరును హెడ్డింగు చేయకండి. ఈ మూడూ తేలాక ఫాంటు సంగతి చూడవచ్చు.

నేను తిరుపతి గాంధీరోడ్డు పక్క సందులోని ఒక డీటీపీ షాపులో పేజ్‌మేకర్‌తో పని నేర్చుకున్నాను. పగలంతా పెళ్లి శుభలేఖలు, రాత్రి కరపత్రాలు. ఆ తరువాత ఒక స్థానిక మాసపత్రికలో పేజీలు పెట్టే పనికి కుదిరాను. ఇరవై ఏళ్లు దాటినా ఇంకా అదే పని. సంగీతం వారి మీద నేను పెట్టిన మొదటి రెండు పేజీలు ఒక మంగళవాద్య బృందానివి. మొత్తం ఆరుగురు: నాదస్వరం ఇద్దరు, డోలు ఇద్దరు, తాళం ఒకరు, శ్రుతి ఒకరు. ఎవరికీ లోటు జరగకూడదని ఆరు సమానమైన గడులు గీసి, ఆరు ముఖాలు పెట్టి, కింద పేర్లు వేశాను. పత్రిక అందిన రోజు బృందం పెద్దాయన షాపుకు వచ్చారు. పేజీ విప్పి కొంతసేపు చూసి, “రేషన్ కార్డులో వేసినట్టు వేశావు నాయనా” అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి సమాధానం చెప్పుకునేవాణ్ణి.

ఆయన కూర్చుని టీ తాగుతూ ఇంకో మాట అన్నారు. నాదస్వరం ఆలాపన చేస్తున్నప్పుడు డోలు కాచుకుని ఉంటుంది. డోలుకు వంతు వచ్చినప్పుడు నాదస్వరం ఒళ్లోకి దిగుతుంది. ఎవరి వంతులో వారు పెద్ద. “అందరూ ఒకేసారి పెద్దయితే అది కచేరీ కాదు, సంత.” పేజీ పెట్టడం గురించి ఇంతకంటే పనికొచ్చే మాట నేను ఏ డిజైన్ తరగతిలోనూ వినలేదు.

కొన్నేళ్లకు అదే బృందం గురించి మళ్లీ రాయవలసి వచ్చింది. ఈసారి ఫోటోగ్రాఫరుతో పాటు నేనూ వెళ్లాను. గోవిందరాజస్వామి ఆలయానికి వెనుక వైపు వీధిలో వారి ఇల్లు. సాయంత్రం నాలుగున్నర, అరుగు మీద ఏటవాలు ఎండ. డోలు వాయించే ఆయన కుడిచేతి వేళ్లకు తొడుగులు వేసుకుంటున్నారు. పిండితో, గుడ్డతో చేసి ఎండబెట్టిన తొడుగులు అవి. రాయిలా గట్టిపడి, అంచుల దగ్గర పగిలి, చెమటకు గోధుమరంగు తిరిగాయి. చూపుడువేలి తొడుగు వదులైందని కొత్త గుడ్డ పీలిక చుట్టి పంటితో బిగిస్తున్నారు. ఆ చేయి, ఆ పళ్లు, వెనుక మసకగా డోలు మీది తోలు. అదే ఫోటో. రెండు పేజీల్లో ఒకటిన్నర పేజీ దానికే ఇచ్చాను. ఆరుగురూ కలిసి ఉన్న చిన్న ఫోటో ఒకటి కింద కుడివైపు, తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పున, ఎడమ నుంచి కుడికి వరుసగా పేర్లతో వేశాను. మా ముఖాలు చిన్నవయ్యాయని ఒక్కరూ అనలేదు. పెద్దాయన ఆ పేజీని చట్రం కట్టించి గోడకు పెట్టుకున్నారు.

కనుక మీ ఐదుగురికి సమానత్వం ఇవ్వవలసింది ఫోటో పరిమాణంలో కాదు, వివరాల్లో. అందరి పేర్లూ ఒకే పాయింటు సైజులో ఉండాలి. ఎవరు ఏమి వాయిస్తారో తప్పు లేకుండా ఉండాలి. ఐదుగురిలో ప్రతి ఒక్కరి మాటా వ్యాసంలో కనీసం ఒక్క వాక్యమైనా వినిపించాలి. అది జరిగితే ఎవరూ అలగరు.

ఆ ఒక్క ఫోటోను ఎలా పట్టుకోవాలి? నలభై ఫోటోలనూ అగ్గిపెట్టెంత సైజులో రెండు కాగితాల మీద ప్రింటు తీసి గోడకు అంటించండి. ఆరడుగులు వెనక్కి వచ్చి చూడండి. ఆ దూరం నుంచి కూడా ఏ ఫోటోలో ఏమి జరుగుతోందో తెలుస్తుందో అది పెద్దదిగా వేయడానికి పనికొస్తుంది. చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని ఎటో చూస్తున్న ఫోటోలను మొదటే పక్కన పెట్టండి. ప్రపంచంలో ప్రతి బ్యాండుకూ ఆ ఫోటో ఉంటుంది, ఒకదాన్ని తీసి ఇంకొకదాని చోట పెట్టినా ఎవరికీ తెలియదు. చెవికి వినిపించేది కంటికి కనిపించే ఫోటో కావాలి. ఉబ్బిన బుగ్గ, గాల్లో ఆగిన కర్ర, కళ్లు మూసుకుని పట్టిన పై స్థాయి, తీగ మీద తెల్లబారిన వేలి కొస ఏదైనా సరే. నలభైలో అలాంటిది లేకపోతే మొహమాటపడకుండా మళ్లీ తీయించండి. కచేరీలో కంటే సాధన చేసేటప్పుడు తీయించండి.

దీనికి ఇంకో కారణం ఉంది. వేదిక మీద ఎల్‌ఈడీ దీపాల నీలం, ఊదా కాంతి ఫోను తెర మీద అద్భుతంగా ఉంటుంది. తెరది ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిసే ఆర్‌జీబీ వెలుగు, అచ్చుది లేతనీలం, గులాబీ, పసుపు, నలుపు కలిసే సీఎంవైకే సిరా. ఆ మెరిసే నీలం సిరాలో లేదు. అచ్చులో అది వెలిసిన ఊదాగా దిగి, ముఖాలు జబ్బు చేసినట్టు కనిపిస్తాయి. సాయంత్రం ఎండలో మిద్దె మీద సాధన చేస్తుండగా తీయండి. మన ఊళ్లో మిద్దె ఎక్కితే శేషాచలం కొండలు వెనుక తెర కట్టినట్టు ఉండనే ఉంటాయి. అవి పేజీ మడత విషయంలోనూ ఉపకారం చేస్తాయి, ఎలాగో చెబుతాను.

రెండు పేజీలను తెరిచి చూసినప్పుడు మధ్యలో మడత ఉంటుంది. పత్రికకు సెంటర్ పిన్ను వేస్తే సరిగ్గా నడిమి రెండు పేజీలు మాత్రమే ఒకే కాగితం. మిగతా చోట్ల ఎడమ పేజీ ఒక కాగితం మీద, కుడి పేజీ ఇంకో కాగితం మీద అచ్చవుతాయి. ఆ రెండూ మిల్లీమీటరు అటూఇటూ అవుతాయి, రంగు కూడా కాస్త తేడాగా దిగవచ్చు. జిగురు పెట్టి అంటించే పర్ఫెక్ట్ బైండింగ్ అయితే ఇంకా కష్టం. పేజీ పూర్తిగా తెరుచుకోదు, మడత వైపు అటు ఏడెనిమిది మిల్లీమీటర్లు, ఇటు అంతే మింగేస్తుంది. అందువల్ల మడత మీద ముఖం, చేయి, అక్షరం ఉండకూడదు. కొండల గీత, ఆకాశం, గోడ ఉండవచ్చు. కొండ ఒక మిల్లీమీటరు జరిగినా ఎవరికీ తెలియదు. ముక్కు జరిగితే అందరికీ తెలుస్తుంది. మీకిచ్చినవి ఏ నంబరు పేజీలో, పత్రికకు ఏ బైండింగో ముందు కనుక్కోండి. సరి సంఖ్య ఎప్పుడూ ఎడమ, బేసి సంఖ్య కుడి. 32–33 అంటే ఎదురెదురు. 33–34 అంటే ఒకే కాగితానికి ముందూ వెనుకా. నవ్వకండి, ఒక సావనీరుకు ఇలాగే ఇచ్చారు, నేనూ పేజీలు పెట్టేశాను.

సెంటర్ పిన్నుతో ఇంకో ప్రమాదం మన ఊళ్లో ప్రత్యేకం. ఒకసారి నడిమి పేజీల్లో వేదిక మీద పాడుతున్న బృందం ఫోటో వేశాం. వెనుక తెర మీద స్వామివారి చిత్రపటం. పిన్నులు రెండూ సరిగ్గా ఆ పటం మీదే దిగాయి, ఒకటి తిరునామం పక్కనే. పత్రిక బయటికి వెళ్లిన మరునాటి నుంచి సంపాదకుడి ఫోను ఆగలేదు. పాఠకులను తప్పు పట్టలేం, చూడవలసింది నేనే. మీ ఫోటోల్లో వెనుక దేవుడి పటం ఉంటే మడతకూ, కటింగ్ అంచుకూ దూరంగా ఉంచండి, దాని మీద అక్షరాలు ఎక్కించకండి. కొండ మీద ఆలయంలోకి కెమెరాలు, ఫోన్లు అనుమతించరు కనుక అక్కడ ఫోటో తీయాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి.

వాద్యకారుడు ఏ పక్కకు తిరిగి ఉన్నాడో కూడా చూడాలి. నాదస్వరం, వయొలిన్, గిటారు మెడ వంటివి బాణంలా ఒక దిక్కు చూపిస్తాయి. అవి పేజీ లోపలికి, వ్యాసం మొదలయ్యే చోటికి చూపాలి. బయటికి చూపితే పాఠకుడి కన్ను కూడా బయటికే పోతుంది. అలాగని ఫోటోను అద్దంలో చూసినట్టు తిప్పకండి. నేను తిప్పాను. డోలు వాయించేవారు సాధారణంగా కుడిచేతికి తొడుగులు వేసుకుని, ఎడమచేత కర్ర పట్టుకుంటారు. నా పేజీలో కర్ర కుడిచేతికి వచ్చింది. ఆ కళాకారుడు ఫోను చేసి, “అన్నా, ముప్పై ఏళ్ల సాధన ఒక్క రాత్రిలో మార్పించావు” అన్నాడు. గిటారు విషయమూ అంతే, కుడిచేత మీటేవాడు ఎడమచేత మీటుతున్నట్టు కనిపిస్తాడు. చొక్కా గుండీలు, చేతి గడియారం, వెనుక బోర్డు మీద అక్షరాలు అన్నీ సాక్ష్యం చెబుతాయి. దిక్కు కుదరకపోతే ఫోటోను ఎడమ పేజీ నుంచి కుడి పేజీకి మార్చండి, మనిషిని మార్చకండి.

ఇక కొలతలు. ఏ4 పత్రిక అయితే ఒక పేజీ 210 × 297 మి.మీ., రెండూ కలిపి 420 × 297. అంచు దాకా ఫోటో పోయే చోట చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు) ఇవ్వాలి, అంటే 426 × 303. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన అడ్డంగా దాదాపు 5,030 పిక్సెళ్లు, నిలువుగా 3,580. వాట్సాప్ మామూలుగా ఫోటోను పొడవు వైపు సుమారు 1,600 పిక్సెళ్లకు కుదించి పంపుతుంది. 1,600ను 300తో భాగించండి. అయిదంగుళాల చిల్లర, పదమూడున్నర సెంటీమీటర్లు. మీ నలభై ఫోటోలూ ఆ వెడల్పు వరకే పనికొస్తాయి. దాన్ని రెండు పేజీలకు సాగదీస్తే ముఖం మీద చతురస్రాలు లేస్తాయి. అసలు ఫైలును డాక్యుమెంటుగా పంపమనండి, లేదా పెన్‌డ్రైవులో తెచ్చుకోండి. 200 డీపీఐ వరకు దిగినా సర్దుకోవచ్చు, మెరుపు లేని మాప్‌లిథో కాగితం మీద అంత తేడా తెలియదు. అయితే మాప్‌లిథో సిరాను పీల్చుకుంటుంది కనుక ఫోటో చీకటిగా దిగుతుంది. అచ్చుకు పంపేముందు నీడలు కాస్త తేలిక చేయాలి. నున్నటి ఆర్ట్ పేపరు అయితే ఆ బెంగ లేదు. మీ కాలేజీవారు శివకాశిలోనో చెన్నైలోనో అచ్చు వేయిస్తుంటే కాగితం ఏమిటో, ఎన్ని జీఎస్ఎమ్మో (కాగితం బరువు లెక్క) ఫోనులో అడిగి రాసుకోండి.

వ్యాసం దగ్గరికి వస్తే, 1,800 పదాలు రెండు పేజీల్లో పట్టవు. పట్టించవచ్చు, అప్పుడు అది న్యాయస్థానం నోటీసు అవుతుంది. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వొత్తు, రెండింటికీ చోటు కావాలి. సగానికి పైగా ఫోటో పోగా మిగిలిన స్థలంలో హాయిగా చదివించేలా 450 నుంచి 550 పదాలు పడతాయి. ఏమి తీసేయాలని అడుగుతారు కనుక చెబుతున్నాను. ఐదుగురి బాల్యం తీసేయండి. “చిన్ననాటి నుంచే సంగీతంపై మక్కువ” అన్న వాక్యం తప్పక తీసేయండి. అన్నమయ్య ఎవరో చెప్పే బాక్స్ ఐటం కూడా తీసేయండి. తిరుపతి పాఠకుడికి అన్నమయ్యను పరిచయం చేయడం అంటే అమ్మమ్మకు ఆవకాయ గురించి చెప్పడమే.

అదే బాక్సులో పనికొచ్చేది ఒకటి పెట్టవచ్చు. తాళ్లపాక వారి రాగిరేకుల మీద కీర్తనలకు రాగం పేర్లు ఉన్నాయి, స్వరాలు లేవు. ఇవాళ మనం వింటున్న బాణీల్లో ఎక్కువ భాగం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటి వారు గత శతాబ్దంలో కట్టినవి. కనుక మీ బ్యాండు “అన్నమయ్య బాణీని మార్చింది” అని రాస్తే తప్పు. వారు పాడుతున్న నాలుగైదు కీర్తనలకు ఎవరి బాణీ, అందులో వీరు ఏమి మార్చారు అన్నది చిన్న పట్టికగా ఇవ్వండి. అది వ్యాసంలో మూడు పేరాల పని చేస్తుంది, సంగీత కళాశాల వారు కూడా ఆగి చదువుతారు. బాణీ కట్టిన వారి పేరు వేయకపోతే ముందుగా ఉత్తరం రాసేదీ వారే.

ఇప్పుడు అక్షరాలు. ఇక్కడ కాస్త నిలబడతాను, ఎందుకంటే పిల్లలు ఎక్కువగా పాడుచేసేది ఇక్కడే. ఇంటర్నెట్‌లో ఇంగ్లిషు సంగీత పత్రికల పేజీలు చూసి అదే పోత తెలుగులో పోస్తారు. ఆ పత్రికల చమత్కారాలు వారి లిపికి పుట్టినవి. అమెరికాలో రే గన్ పత్రిక రూపకర్త డేవిడ్ కార్సన్ 1994లో గాయకుడు బ్రయన్ ఫెర్రీ ఇంటర్వ్యూ చప్పగా ఉందని, అక్షరాలకు బదులు బొమ్మ గుర్తులుండే జాఫ్ డింగ్‌బ్యాట్స్ ఫాంటులో మొత్తం పెట్టేశాడు. ఆయనకు చెల్లింది. మనకు వార్షిక పత్రిక కమిటీ ఉంటుంది.

తెలుగులో ఇంగ్లిషులా పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలు లేవు, వాలు అక్షరాలు మన లిపికి సహజం కావు. కంప్యూటర్ వాల్చి చూపిస్తుంది, అది తూలిపడుతున్నట్టు ఉంటుంది. అందువల్ల ఒక మాటను ఎత్తి చూపాలంటే మందం, పరిమాణం, రంగు, చుట్టూ ఖాళీ ఇవే మన ఆయుధాలు. వ్యాసానికి 11 పాయింట్లు పెడితే పంక్తికీ పంక్తికీ మధ్య 16 లేదా 17 పాయింట్లు ఇవ్వండి. ఇంగ్లిషులో 11కు 13 ఇచ్చే అలవాటుతో తెలుగును పెడితే పై పంక్తి వొత్తులు కింది పంక్తి గుడుల మీద కూర్చుంటాయి.

హెడ్డింగులో ఇది ఇంకా ఇబ్బంది. ఒకసారి రెండు పంక్తుల హెడ్డింగు వచ్చింది. పైన “స్వర్ణోత్సవ”, కింద “కీర్తి కిరీటం”. వొత్తులు కిందికి, గుడులు పైకి, నడుమ ఈగ దూరే సందు లేదు. పంక్తులు దూరం జరిపితే రెండు వేర్వేరు హెడ్డింగుల్లా ఉన్నాయి. చివరికి మాటలే మార్చవలసి వచ్చింది. కనుక హెడ్డింగు రాసేటప్పుడే దాని ఆకారం చూడండి. ఉదాహరణకు “పాట మా వీధిది” అన్నాం అనుకోండి. ఒక్క వొత్తు లేదు, కింది వైపు దాదాపు చదునుగా ఉంది. 90 పాయింట్లు పెట్టినా నిలబడుతుంది, కిందనే ఉపశీర్షిక ఆనించవచ్చు. మీ వ్యాసంలో అలాంటి మాట ఎక్కడో ఉండే ఉంటుంది. ఐదుగురిలో ఎవరో ఒకరు మాటల మధ్య అనేసి ఉంటారు, రికార్డింగు మళ్లీ వినండి.

వ్యాసం మొదటి అక్షరాన్ని మూడు పంక్తుల ఎత్తున పెద్దది చేయాలని అందరికీ ఉంటుంది. తెలుగులో పెద్దది చేయవలసింది మొత్తం అక్షరాన్ని, గుణింతంతో, వొత్తుతో సహా. మొదటి మాట “క్షేత్రం” అయితే దాని వొత్తు నాలుగో పంక్తిలోకి దిగి అక్కడి మాటను తన్నుతుంది. అలంకారం తప్పనిసరి అయితే మొదటి మాటను ‘ఆ’, ‘ఒ’, ‘మ’ వంటి సాదా అక్షరంతో మొదలుపెట్టండి. లేదా మానేయండి. నేను మానేసి పదేళ్లయింది.

రెండు అంచులూ సమానంగా నిలబెట్టడం ఇంకో ఉచ్చు. మన మాటలు పొడవు. “పాడుకుంటున్నప్పుడల్లా” అన్నది ఒక్క మాట. పేజీకి మూడు సన్నని కాలములు పెట్టి రెండు అంచులూ లాగితే అలాంటి మాట కింది పంక్తికి దూకి, పై పంక్తిలో రెండే మాటలు మిగిలి వాటి నడుమ వీధి ఏర్పడుతుంది. పేజీకి రెండు కాలములు చాలు. ఎడమ అంచు మాత్రం నిలబెట్టి కుడి అంచును దాని మానాన వదిలేసినా బాగుంటుంది. ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే పేరాగ్రాఫ్ అమరికలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి, లేకపోతే వొత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. వ్యాసం పాత ‘అను’ ఫాంట్లలో వచ్చి యూనికోడ్‌లోకి మార్చితే ఒక్క అక్షరం వదలకుండా మళ్లీ చదవండి. మార్చే సాఫ్ట్‌వేర్‌కు సంగీతం రాదు, ‘స్వరం’ను ఏమి చేస్తుందో చెప్పలేం.

ఫాంట్లు రెండు చాలు. హెడ్డింగుకు రామభద్ర వంటి బలమైనది, వ్యాసానికి మండలి గానీ నోటో సెరిఫ్ తెలుగు గానీ. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంకా మంచి దారి ఒకటి ఉంది: హెడ్డింగును చేత్తో రాయించండి. బాపు గారు కథల పేర్లను చేత్తో రాసిన కాలంలో పత్రిక తెరవగానే ఆ రాతే కథ ధోరణి చెప్పేసేది. ఒక బ్యాండు మేళం వారి గురించి పేజీలు పెట్టినప్పుడు నేను బోర్డులు రాసే పెయింటరు ఒకాయనను పట్టుకున్నాను. చార్టు కాగితం మీద ఎనామిల్ రంగుతో రాయించి స్కాన్ చేశాను. చివరి సున్న చుట్టేటప్పుడు కుంచె మలుపులో రంగు తగ్గి కాగితం కనిపించింది. బాగుచేస్తానన్నాడు, వద్దన్నాను. ట్రంపెట్ ఊదేవాడి గొంతు జీర కూడా అలాగే ఉంటుంది. ఏ ఫాంటూ ఆ పని చేయదు.

నల్లటి ఫోటో మీద తెల్ల అక్షరాలు వేయాలనుకుంటే సన్నని ఫాంటు వద్దు. సిరా నాలుగు వైపుల నుంచి పాకి తెలుపును తినేస్తుంది. కనీసం 14 పాయింట్లు, కాస్త మందం, అదీ నాలుగు పంక్తులకు మించకుండా. వ్యాసం నలుపు మాత్రం ఒక్క నల్ల సిరాతోనే పడాలి. నాలుగు రంగులు కలిపిన నలుపు పెడితే, ప్లేటు వెంట్రుకవాసి జరిగినా ప్రతి తలకట్టుకూ ఎర్రని నీడ వస్తుంది.

రంగుల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవారికి ఆ పాఠం వేరే అక్కరలేదు. బైరాగి వేషానికి ఒళ్లంతా నామంకొమ్ము తెలుపు, బండ వేషానికి కుంకుమ ఎరుపు, తోటి వేషానికి బొగ్గు నలుపు. వేషానికి ఒక్కటే రంగు, కిలోమీటరు దూరం నుంచి తెలుస్తుంది. మీ పెద్ద ఫోటోలోంచే ఒక రంగు తీసుకుని హెడ్డింగుకో, ఎత్తి చూపే వాక్యానికో వాడండి. అమ్మాయి చీర అంచు రంగు కావచ్చు, డోలు తోలుపట్టీ రంగు కావచ్చు. ఆ ఒక్కటి చాలు.

బ్యాండు పేరు హెడ్డింగుగా ఎందుకు వద్దంటే, అది మీకు ముద్దు, పాఠకుడికి తెలియదు. తెలియని పేరును 90 పాయింట్లలో వేస్తే దుకాణం బోర్డు అవుతుంది. పేరును ఉపశీర్షికలో మొదటి మాటగా పెట్టండి. ఉపశీర్షిక కూడా పనిచేయాలి: ఎవరు, ఎక్కడ, ఏమి చేస్తున్నారు, ఒక్క వాక్యంలో. బ్యాండుకు సొంత లోగో ఉంటే ఐదుగురి ఫోటో పక్కన చిన్నదిగా పెట్టండి, వారికి సంతోషం, మనకు నష్టం లేదు.

ఇవన్నీ కంప్యూటర్ ముందు కూర్చోకముందే కాగితం మీద తేల్చుకోండి. తెల్ల కాగితాన్ని మధ్యకు మడిచి పెన్సిలుతో డమ్మీ గీయండి. ఫోటోకు ఒక గడి, హెడ్డింగుకు రెండు గీతలు, వ్యాసానికి బూడిదరంగు పట్టీలు. అలాంటివి నాలుగైదు గీసి అందులో ఒకటి ఎంచుకోండి. అరగంట పని. మౌసు పట్టుకుని వెతికితే మూడు రాత్రులు పడుతుంది, మొదటి డమ్మీకే తిరిగి వస్తారు.

పేర్ల విషయంలో ఒక జాగ్రత్త. ఐదుగురి చేతా వారి పేరును తెలుగులో వారే కాగితం మీద రాయించుకోండి, ఇంటిపేరుతో, పొడి అక్షరాలతో సహా. చిత్తూరు వైపు, తమిళనాడు సరిహద్దు ఊళ్ల వారు డోలును తవిల్ అంటారు. మీ మిత్రుడు ఏ మాట వాడితే అదే వేయండి, సంపాదకుడు దిద్దినా మళ్లీ పెట్టండి. ఫోటో తీసిన వారి పేరు మడత పక్కన నిలువుగా 6 పాయింట్లలో పెట్టే అలవాటు ఉంది, అది ఎవరికీ కనిపించదు. క్యాప్షన్ చివర వేయండి.

ప్రూఫు వచ్చాక తెర మీద కాకుండా అసలు సైజులో రెండు పేజీలనూ ప్రింటు తీసి, మధ్యలో అంటించి, మడిచి తెరిచి చూడండి. ఆ తరువాత డోలు వాయించే మిత్రుడికి చూపించి కర్ర ఏ చేతిలో ఉందో అడగండి.